ఉప్పునీటి చేపలూ, మన ఫిల్టర్ల పిచ్చీ

పోయిన వారం క్యాంటీన్లో టీ తాగుతుంటే పక్క టీమ్ కుర్రాడొకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "అన్నా, మెరైన్ ట్యాంక్ పెడ్తున్న. మూడు ఫీట్లది. ఏ ఫిల్టర్ తీస్కోవాలె?" అన్నాడు. నాలుగు మోడళ్ళు, ధరలు, గంటకి ఎన్ని లీటర్లు, జనాల రేటింగులు... అన్నీ వరసగా పెట్టి ఎక్సెల్ షీట్ తయారుచేసుకొచ్చాడు. ఏ చేపలు పెడదామనుకుంటున్నావ్ అనడిగితే "అది తర్వాత చూస్కుందాం అన్నా, ముందు ఫిల్టర్ ఫైనల్ కావాలె" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. వాడి మీద కాదు లెండి, నా మీద నాకే. 2023 ఏప్రిల్లో నేనూ అచ్చం ఇలాంటి షీటే పట్టుకుని షాపుకెళ్ళాను మరి.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం విషయం ముందే చెప్పేస్తాను. ఉప్పునీటి అక్వేరియానికి "ఏ ఫిల్టర్ కొనాలి" అన్నది మొదటి ప్రశ్న కాదు, నాలుగోదో ఐదోదో. దాన్నే మొదట అడిగేవాడి చేతిలో చేపలు చావడం దాదాపు ఖాయం. అంతకంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. రోజుకి ఎంత మేత వేస్తావు? వారానికి ఎన్ని నీళ్ళు మారుస్తావు? కరెంటు పోతే ఏం చేస్తావు? చేపల్లేని ట్యాంకుని నెలన్నర చూస్తూ కూర్చోగలవా?

ఇహ నా ఘనకార్యం వినండి.

షాపాయన నాకు అమ్మినవి: పద్నాలుగు వేల రూపాయల క్యానిస్టర్ ఫిల్టర్, ఒక యూవీ లైటు, ఒక సీసాడు బ్యాక్టీరియా, ఉప్పు బస్తా, రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక బ్లూ టాంగ్ (అదేనండీ, సినిమాలో డోరీ). అన్నీ ఒకే రోజు. "ఈ సీసా పొయ్యండి సార్, ఇవాళే చేపలు వదిలేసుకోవచ్చు" అన్నాడు. వదిలేశాను. అయిదో రోజు ఒక క్లౌన్ ఫిష్ పోయింది. అప్పుడు పరిగెత్తుకెళ్ళి అమ్మోనియా టెస్ట్ కిట్ కొన్నాను. ఫిల్టర్ ఖరీదులో పదో వంతు కూడా లేని వస్తువు, షాపాయన దాని మాటే ఎత్తలేదు. నేనూ అడగలేదు. రంగు చూస్తే 2 పీపీఎమ్. సున్నా ఉండాల్సిన చోట!

మరుసటి వారం ఈదురుగాలీ వానా వచ్చి రాత్రి అయిదు గంటలు కరెంటు పోయింది. మా అపార్ట్‌మెంటు జనరేటర్ లిఫ్టుకీ, మెట్ల దగ్గర లైట్లకీ మాత్రమే. తెల్లవారుజామున కరెంటు వచ్చింది, ఫిల్టర్ తనంతట తనే మొదలైంది. నేను నిద్రలేచేసరికి డోరీ అడుగున పక్కకి వాలిపోయి ఉంది. రెండో క్లౌన్ ఫిష్ మాత్రం ఎలాగో బతికింది. ఇప్పటికీ ఉంది.

క్యానిస్టర్ అంటే గట్టిగా మూత బిగించిన డబ్బా. లోపల స్పాంజీల మీదా, రింగుల మీదా ఉండే బ్యాక్టీరియాకి ఊపిరి పారే నీళ్ళే. పంపు ఆగితే డబ్బాలోని ఆక్సిజన్ కాసేపట్లో అయిపోతుంది. స్పాంజిలో ఇరుక్కున్న మేత, రెట్ట అక్కడే కుళ్ళుతాయి. కరెంటు రాగానే ఆ మురుగంతా ఒక్కసారిగా ట్యాంకులోకి. ఈ లోపు ట్యాంకులోనూ నీళ్ళు కదలక ఆక్సిజన్ పడిపోయి ఉంటుంది. రెండిట్లో నా చేపని చంపింది ఏదో నేను పోస్టుమార్టం చెయ్యలేదు. రెండూ నేను కొన్న డిజైన్లోనే ఉన్నాయి కాబట్టి చంపింది నేనే అనుకున్నాను.

"అదేంటి, మా ఇంట్లో గోల్డ్ ఫిష్‌కి అదే ఫిల్టర్ బ్రహ్మాండంగా పనిచేస్తోందే" అంటారు. పనిచేస్తుంది. మంచినీటికీ ఉప్పునీటికీ తేడా ఉప్పు ఒక్కటే అనుకోవడంలోనే ఉంది చిక్కంతా.

చేప విసర్జించేదీ, మిగిలిన మేత కుళ్ళి వచ్చేదీ అమ్మోనియా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా విషం, నైట్రేట్ చాలా తక్కువ హాని. ఇంతవరకూ రెండు ట్యాంకుల్లోనూ ఒకటే కథ. కానీ నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అసలు విషం అందులో ఒక రూపమే. పీహెచ్ 7 దగ్గర ఆ రూపం మొత్తంలో నూటికి ఒక పాలు కూడా ఉండదు. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర, మన గది వేడిలో అది అయిదు పాళ్ళు దాటిపోతుంది. అంటే కిట్‌లో అదే రంగు, విషం మాత్రం ఎన్నో రెట్లు. దీనికి తోడు ఉప్పునీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకి 8 మిల్లీగ్రాములకి పైగా పట్టుకుంటే సముద్రపు నీళ్ళు 7 కూడా పట్టుకోలేవు. ఎండాకాలం నీళ్ళు వేడెక్కితే అదీ తగ్గుతుంది. కాబట్టి గోల్డ్ ఫిష్ ట్యాంకులో క్షమించే తప్పుని ఇక్కడ క్షమించే అవకాశమే లేదు.

సరే, మార్కెట్లో దొరికే పెట్టెల సంగతి ఒక్కొక్కటీ చూద్దాం.

క్యానిస్టర్: దీన్ని పూర్తిగా తిట్టను. వారం వారం విప్పి కడిగే ఓపిక ఉంటే, యాక్టివేటెడ్ కార్బన్ వెయ్యడానికీ నీళ్ళు తేటగా ఉంచడానికీ మంచి పరికరమే. కానీ "ఆరు నెలలకోసారి కడిగితే చాలు" అని చెప్పి అమ్ముతారు చూడండీ, అక్కడే మోసం. ఆర్నెల్లు కడగని క్యానిస్టర్ అంటే ఆర్నెల్ల చెత్తబుట్టని నీళ్ళలోనే పెట్టుకోవడం. చెత్త కంటికి కనపడదంతే, నీళ్ళలోంచి పోలేదు.

వెట్-డ్రై, బయో-బాల్స్: 1986లో జార్జ్ స్మిట్ అనే ఆయన ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో రాసిన వ్యాసాలతో ఇవి జనంలోకి దూసుకెళ్ళాయి. గాలి తగిలే ప్లాస్టిక్ బంతుల మీంచి నీళ్ళు కారుతుంటాయి, అమ్మోనియా చకచకా నైట్రేట్ అయిపోతుంది. తర్వాత రోజుల్లో వీటికి "నైట్రేట్ ఫ్యాక్టరీ" అని పేరుపడింది. ఆ తిట్టు పూర్తిగా న్యాయం కాదు. నైట్రేట్ ఎంత తయారవుతుందన్నది మీరు వేసే మేతని బట్టి ఉంటుంది, బంతుల్ని బట్టి కాదు. బంతుల లోపం ఏంటంటే తయారైన నైట్రేట్‌ని అవి ఏమీ చెయ్యలేవు.

రాయి: అసలు ఫిల్టర్ ఇదే. 1961లో ఇండోనేషియాకి చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్ళు, ఇసుక, గాలి బుడగలు తప్ప పెద్దగా ఏమీ లేకుండా సముద్రపు చేపల్ని పెంచి చూపించి, దాని గురించి రాశాడు. ఆ తర్వాత బెర్లిన్ వాళ్ళు ఇవే రాళ్ళకి స్కిమ్మర్ జోడించారు, దాన్నే బెర్లిన్ పద్ధతి అంటారు. సన్న రంధ్రాలున్న రాయి పైభాగంలో ఆక్సిజన్ ఉంటుంది, అక్కడి బ్యాక్టీరియా అమ్మోనియాని నైట్రేట్ చేస్తాయి. లోతుల్లో ఆక్సిజన్ ఉండదు, అక్కడి బ్యాక్టీరియా కొంత నైట్రేట్‌ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాల్లోకి పంపేస్తాయి. కదిలే భాగాలు లేవు, ప్లగ్ లేదు. రాళ్ళ చుట్టూ నీళ్ళు బాగా తిరిగితే చాలు.

ఇక్కడొక హెచ్చరిక. షాపులో పగడపు రాయి చూపించి "నేచురల్ సార్" అంటే కొనకండి. మన దేశంలో రీఫ్ కట్టే పగడాల్ని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూల్ అది! అంత కష్టపడి కాపాడాల్సిన దాన్ని మన హాల్లో షోకేస్ కోసం పగలగొట్టించడం ఎందుకు? రంధ్రాలున్న సెరామిక్ రాళ్ళూ, మనుషులు తయారుచేసిన పొడి రాళ్ళూ వాడుకోవచ్చు. బ్యాక్టీరియా పట్టడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుందంతే.

స్కిమ్మర్: పప్పు ఉడికేటప్పుడు పైకి తేలిన నురగని గరిటెతో తీసి పారేస్తాం కదా, ఇదీ అదే. సన్నటి గాలి బుడగల్ని నీళ్ళలోకి పంపిస్తే ప్రొటీన్లూ జిడ్డూ ఆ బుడగలకి అంటుకుని పైన కప్పులోకి నురగగా చేరతాయి. బుడగలు అంత సన్నగా ఏర్పడేది ఉప్పునీళ్ళలోనే, అందుకే గోల్డ్ ఫిష్ వాళ్ళకి దీని అవసరం రాదు. మిగతా ఫిల్టర్లన్నీ కుళ్ళిన తర్వాత పనిచేస్తాయి, ఇది చాలావరకు కుళ్ళకముందే చెత్తని నీళ్ళలోంచి బయటికి లాగేస్తుంది. పైగా నీళ్ళకి గాలి తగిలిస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, తయారైపోయిన అమ్మోనియానీ నైట్రేట్‌నీ ఇది తియ్యలేదు. డబ్బా మీద "400 లీటర్ల వరకు" అని రాసుంటే దాన్ని మార్కెటింగ్ వాళ్ళ ఎస్టిమేట్ లాగే తీసుకోండి, ఎన్ని చేపలకో చెప్పకుండా లీటర్లు చెప్పడంలో అర్థం లేదు.

సంప్: ట్యాంకు కింద పెట్టే రెండో తొట్టి. స్కిమ్మర్, హీటర్ అన్నీ అందులో దాచుకోవచ్చు, నీళ్ళు కూడా ఎక్కువవుతాయి. నాకు ఇష్టమే, కానీ ఇంజనీర్లం కాబట్టి ఫెయిల్యూర్ కేస్ ముందు చూడండి. పంపు ఆగితే పై నీళ్ళు కిందికి దిగుతాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ట్యాంకులో ఒక్క అంగుళం దిగితే పది లీటర్లకి పైనే. రిటర్న్ పైపు మూతి ఆరంగుళాల లోతులో ఉండి, సైఫన్ తెగడానికి పైన చిల్లు లేకపోతే అరవై లీటర్ల పైచిలుకు. సంప్‌లో చోటు లేకపోతే అది మీ హాల్లోకీ, కింద ఫ్లాటు వాళ్ళ సీలింగులోకీ పోతుంది. అలాగే పంపు డబ్బా మీద "గంటకి 3000 లీటర్లు" అన్నది నీళ్ళని ఏమాత్రం ఎత్తు ఎక్కించనప్పటి లెక్క. నాలుగడుగులు ఎక్కించాలంటే ఎంత వస్తుందో గ్రాఫ్‌లో చూసి కొనండి.

యూవీ: తనలోంచి వెళ్ళే నీళ్ళలో ఈదుతున్న పరాన్నజీవుల్ని చంపగలదు. చేప ఒంటి మీద తెల్లచుక్కలై కూర్చున్నవాటినీ, ఇసుకలో దాగినవాటినీ ముట్టుకోలేదు. కొత్త చేపని నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి చూస్తే వచ్చే లాభం దీంతో రాదు. కానీ తొట్టిలో ఆర్నెల్ల వారంటీ లేదు, నీలం లైటూ లేదు, అందుకే ఎవరూ అమ్మరు :)

ఇప్పుడు అసలు లెక్క. మనం బీటెక్‌లో నేర్చుకున్న మాస్ బ్యాలెన్స్ చాలు.

పొడి మేతలో ప్రొటీన్ 45 శాతం అనుకుందాం. ప్రొటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం. అంటే గ్రాము మేతలో 0.072 గ్రాముల నైట్రోజన్. అదంతా నైట్రేట్ అయితే బరువు 4.43 రెట్లు, అంటే సుమారు 0.32 గ్రాములు. నా ట్యాంకు లెక్కకి 190 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోను 160. భాగిస్తే 2 పీపీఎమ్. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ లాగేస్తుంది, కాబట్టి ఇది గరిష్ఠం అనుకోండి.

వారానికి రెండున్నర గ్రాముల మేత వేస్తే 5 పీపీఎమ్ చేరుతుంది. వారానికి 10 శాతం నీళ్ళు మారిస్తే ఎక్కడ ఆగుతుంది? ఉన్నదాంట్లో పదో వంతు 5కి సమానమయ్యే చోట, అంటే 50 దగ్గర. 20 శాతం మారిస్తే 25 దగ్గర. మేత సగానికి తగ్గిస్తే అదీ సగం. ఈ లెక్కలో ఫిల్టర్ మోడల్ నంబరు మీకెక్కడైనా కనపడిందా? స్కిమ్మరూ రాయీ ఆ 5ని కాస్త తగ్గించగలవు, నిజమే. కానీ మీ చేతిలోని చెంచా, బకెట్ చేసేంత పని ఏ పెట్టే చెయ్యదు. ఆ బకెట్లో పోసేవి కూడా సరైన నీళ్ళయి ఉండాలి. మన బోరు నీళ్ళలో నైట్రేట్ ముందే ఉండొచ్చు, ఇంట్లో తాగే ఆర్వోలో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ పెట్టి మళ్ళీ కొంత పచ్చి నీరు కలుపుతారు. అది చూసుకోకుండా వారం వారం నీళ్ళు మార్చి ఏం లాభం?

ఇదంతా నాకు చెప్పింది షాపాయన కాదు, భీమవరం దగ్గర వెనామీ రొయ్యల చెరువులు చేసే మా బాబాయి. డోరీ చచ్చిపోయిన ఆదివారం ఫోన్లో ఏడుపు మొహం పెట్టుకుని చెప్తే, ఫిల్టర్ కంపెనీ ఏంటని అడగలేదాయన.

"మేతెంత వేస్తున్నావురా? మిగిలిపోతుందో లేదో చూసుకుంటున్నావా?"

చూసుకోవట్లేదన్నాను. వాళ్ళు చెరువులో చెక్ ట్రే దింపి, వేసిన మేత తిన్నదీ లేనిదీ చూశాకే మళ్ళీ వేస్తారు.

"తెల్లారుజామున ఆక్సిజన్ చూశావా?"

లేదన్నాను. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తీసుకునేదే కాబట్టి చెరువులో అది అట్టడుక్కి పడేది ఆ వేళకే.

"కరెంటు పోతే?"

"ఇన్వర్టర్ లేదు బాబాయ్."

"మరి చెరువెందుకు తవ్వావురా?"

ఆయన పదో తరగతితో ఆపేశారు. ఏరేటర్లకి జనరేటర్ సిద్ధం చేసుకోకుండా పిల్ల వదలరు. మనమేమో లోడ్ టెస్ట్ చెయ్యకుండా సర్వర్‌ని ప్రొడక్షన్లో పెడితే మేనేజర్ ఊరుకోడని తెలిసి కూడా, ప్రాణమున్నవాటిని మాత్రం మొదటి రోజే నీళ్ళలో వదిలేస్తాం. డబ్బులున్నాయి కదా, ఖరీదైన పెట్టె కొంటే సరిపోతుందనుకుంటాం. మన పిచ్చి అంతా ఇదే. బాబాయికి రొయ్యలు చస్తే అప్పు మిగుల్తుంది. మనకి చేప చస్తే ఇంకో చేప కొనుక్కోవడమే. అందుకే ఆయన నేర్చుకున్నాడు, మనం షాపింగ్ చేస్తున్నాం.

"చేపే కదా, ఇంత రాద్ధాంతమా" అనేవాళ్ళుంటారని తెలుసు. మంచినీటి అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టినవి. ఉప్పునీటి చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ సముద్రంలో పట్టి తెచ్చినవే. బ్లూ టాంగ్‌ని తొట్టెల్లో పొదిగించడం 2016లో గానీ సాధ్యం కాలేదు. పైగా అది పెరిగితే అడుగు పొడవుంటుంది, నా మూడడుగుల ట్యాంకులోకి అది రావడమే తప్పు. ఆ తప్పుని ఏ ఫిల్టరూ దిద్దలేదు. క్లౌన్ ఫిష్‌లకైతే మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ వాళ్ళే పిల్లల్ని పుట్టించే పద్ధతి తయారుచేశారు. కాబట్టి అడిగి, పెంచిన చేపల్నే కొనొచ్చు.

ఇంకొందరు షాపువాళ్ళనే తిట్టమంటారు. తిట్టాల్సిందే, ఇవాళే చేపలు వదిలెయ్యమన్నవాణ్ణి వదిలే ప్రసక్తే లేదు. సీసాల్లో కొన్ని నిజంగా పనిచేస్తాయి కూడా, కానీ పనిచేసిందో లేదో తెలిసేది టెస్ట్ కిట్‌తోనే, మూత మీద రాతతో కాదు. అయినా "నెలన్నర తర్వాత రండి సార్, అప్పుడు చేపలిస్తా" అన్న షాపు నుంచి మనలో ఎంతమంది పక్క షాపుకి వెళ్ళిపోమూ? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

నన్నడిగితే వరస ఇది. ముందు టెస్ట్ కిట్లు, ఉప్పుదనం చూసే రిఫ్రాక్టోమీటర్ (సముద్రానికి సరితూగే సాంద్రత 1.025), కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు. తర్వాత రాయీ, ఇసుకా, నీళ్ళని తిప్పే పంపు. ఆ తర్వాత చేపల్లేకుండా కొంచెం అమ్మోనియా వేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగడం. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగాక ఒక జత చేపలు. అప్పుడు స్కిమ్మర్, మీ చేపల లెక్కని బట్టి. మిగతావన్నీ అవసరం కనపడితేనే. ఇంత ఓపిక లేదంటారా, తప్పేం లేదు. మంచినీటి ట్యాంకు పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

మా కుర్రాడికి ఇదంతా టీ చల్లారేదాకా చెప్పాను. చివరికి "సరే అన్నా, గీ నాలుగిట్ల ఏది బెటర్ మరి?" అన్నాడు. తల పట్టుకున్నాను. కానీ నిన్న మెసేజ్ పెట్టాడు, అమ్మోనియా కిట్ ఎక్కడ దొరుకుతుందని. షీట్లో కొత్తగా ఒక వరస కూడా కలిపాడట, "పవర్ కట్" అని.